ఆటల ప్రదర్శనశాలకు గుర్తు

తెల్లవారుజామున ఆకాశవాణి ప్రసారాలు మొదలయ్యే వేళ, తంబురా శ్రుతి మీద వయొలిన్ పలికే చిన్న స్వరరచన ఒకటి వినవస్తుంది. అనౌన్సరు ఇంకా నోరు విప్పి ఉండడు. కేంద్రం పేరు చెప్పి ఉండడు. అయినా వాకిట్లో కళ్ళాపి చల్లుతున్న ఇల్లాలికి, పొలానికి బయలుదేరుతున్న రైతుకు అది ఏ వాణియో తెలిసిపోతుంది. వాల్టర్ కౌఫ్‌మన్ అనే సంగీతజ్ఞుడు 1936 ప్రాంతంలో కూర్చిన స్వరాలవి. అందులో మాట ఒక్కటీ లేదు. మాట లేకుండానే తన్ను తాను తెలుపుకొనే ఇటువంటి సాధనాన్నే గుర్తు అంటాము. ఇది చెవికి గుర్తు.

కంటికి గుర్తు కావలసివస్తే దానిని ఎట్లా రూపొందిస్తారు? అందులోనూ ఆటలకోసం వెలసిన ప్రదర్శనశాలకు అటువంటి గుర్తు కావాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? ఈ ప్రశ్నను గాలిలో చర్చించడంకంటె ఒక ప్రాంతాన్ని ఎదుట పెట్టుకొని చర్చించడం మేలు. మార్కాపురం, గిద్దలూరు, కంభం - పశ్చిమ ప్రకాశమని మనం పిలుచుకొనే ఈ నల్లమల అంచు సీమనే తీసుకొందాము. మార్కాపురంలో ఈ ప్రాంతపు ఆటలకొక ప్రదర్శనశాల నెలకొల్పదలచినారని, దాని ద్వారం మీద, ఉత్తరాల మీద, టిక్కెట్టు మీద వేయడానికి ఒక గుర్తు కావలసివచ్చినదని ఊహించుకొందాము.

ముందుగా, గుర్తు ఎవరికోసం? చదువుకొన్నవారికి పేరు వ్రాస్తే చాలును కదా అనవచ్చును. మన దేశంలో మొదటి సాధారణ ఎన్నికలు 1951-52లో జరిగినవి. 1951 జనాభా లెక్కల ప్రకారం అప్పటికి అక్షరాస్యులు నూటికి సుమారు 18 మంది మాత్రమే. అభ్యర్థి పేరు అచ్చువేసి ఓటరు చేతికిస్తే ప్రయోజనమేమున్నది? అందుచేత ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె పెట్టి, దానిపై గుర్తు అంటించినారు. కోట్లాది ప్రజలు బొమ్మను చూచి తమ నిర్ణయాన్ని తెలిపినారు. మెక్సికో నగరంలో 1969లో భూగర్భ రైలు ప్రారంభమైనప్పుడు, లాన్స్ వైమన్ అనే రూపశిల్పి ప్రతి స్టేషనుకు ఒక బొమ్మను గుర్తుగా ఏర్పరచినాడు. చదవలేని ప్రయాణికుడు కూడ దిగవలసిన చోట దిగగలిగినాడు.

చదువు వచ్చినవారికి సైతం ఈ అవసరం తప్పదు. 1964లో టోక్యోలో ఒలింపిక్ క్రీడలు జరిగినప్పుడు, దేశదేశాలనుండి వచ్చిన జనానికి జపాను లిపి తెలియదు. కాత్సుమి మాసారు నాయకత్వాన కొందరు చిత్రకారులు కూడి, ఏ ఆట ఎక్కడ జరుగుతున్నదో చూడగానే తెలిసేటట్లు ఒక్కొక్క క్రీడకు ఒక్కొక్క బొమ్మ కల్పించినారు. 1972లో మ్యూనిక్ క్రీడలకు ఓట్ల్ ఐకర్ ఈ పద్ధతిని మరింత బిగించినాడు. తల ఒక గుండ్రని చుక్క. కాళ్ళు చేతులు ఒకే మందం గల కడ్డీలు. ఆ కడ్డీలు నిలువుగా, అడ్డంగా, లేదా సరిగా ఐమూలగా మాత్రమే వంగాలి. ఇంత కట్టుబాటులోనూ ఈత ఈతవలెను, పరుగు పరుగువలెను కనబడింది. ముఖం లేదు, జాతి లేదు, దుస్తులు లేవు. ఉన్నది చలనం ఒక్కటే.

ఈ చలనం దగ్గరనే ప్రదర్శనశాలకు చిక్కు వస్తుంది. ఆట కదిలేది, ప్రదర్శనశాలలో పెట్టగలిగినది కదలనిది. ఆట ముగిసిన తరువాత మిగిలిన వస్తువునే అద్దాల బీరువాలో పెట్టగలము. లండనులోని లార్డ్స్ మైదానంలో ఒక క్రికెట్ ప్రదర్శనశాల ఉన్నది. అందులో, ఒక బంతిని ఆనించి కూర్చోబెట్టిన పిచ్చుక కళేబరం ఒకటి కనబడుతుంది. 1936లో అదే మైదానంలో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం పక్షాన జహంగీర్ ఖాన్ బౌలింగు చేస్తూ ఉండగా బంతి తగిలి చనిపోయిన పిచ్చుక అది. ఈ జహంగీర్ ఖానే 1932లో, తెలుగు కుటుంబానికి చెందిన సి. కె. నాయుడు నాయకత్వాన, భారతదేశం ఆడిన మొట్టమొదటి టెస్టులో పాల్గొన్నాడు. ఆనాటి బంతి వేగాన్ని మనం చూడలేము. ఆ పిచ్చుకను చూస్తే మాత్రం ఆ వేగం మనసుకు తగులుతుంది. మిగిలిన వస్తువు పోయిన చలనానికి సాక్ష్యం చెప్పుతున్నది.

మరి మన సీమలో మిగిలిన వస్తువులేవి? క్రికెట్టుకు బ్యాటున్నది, బంతి ఉన్నది. చెడుగుడుకు ఏమున్నది? కొన్ని సంవత్సరాల క్రిందట గ్రామసీమల కార్యక్రమం ఒకటి రికార్డు చేయడానికి గిద్దలూరు వైపు వెళ్ళినప్పుడు, వయసులో ఉండగా చెడుగుడులో పేరు తెచ్చుకొన్న ఒక వృద్ధుని కలుసుకొన్నాను. ఆనాటి వస్తువు ఏదైనా దాచుకొన్నావా పెద్దాయనా అని అడిగినాను. ఆయన నవ్వి, పంచె కొంచెం పైకి లాగి, మోకాలి మీద పాత మచ్చ చూపించినాడు. "ఏముంటది సారూ, ఇదే మిగిలింది. ఇది గూడ నాతోటే పోతది" అన్నాడు. ఆ మాటను టేపు మీద ఎక్కించుకొన్నాము. కాని మచ్చను టేపు మీద ఎక్కించలేకపోయినాము.

ఈ విషయంలో నిజమైన కష్టం ఇదే. చెడుగుడుకు కావలసినవి నేల, గీత, ఊపిరి. 1990లో బీజింగ్ ఆసియా క్రీడలలో కబడ్డీకి పతకాల ఆటగా స్థానం లభించింది. కాని ఊరి చెరువు గట్టున ఆడిన ఆటకు కప్పులు లేవు, పతకాలు లేవు. ఆడపిల్లల తొక్కుడుబిళ్ళకు నేలమీద గళ్ళు, చేతిలో ఒక పెంకు ముక్క. మార్కాపురం వంటి చోట విరిగిన పలక ముక్క అయినా సరే. అచ్చంగాయలకు అయిదు గులకరాళ్ళు. ఆట ముగియగానే గళ్ళు చెరిగిపోతాయి, రాళ్ళు రాళ్ళలో కలిసిపోతాయి. ఇటువంటి ఆటలకు ప్రదర్శనశాల పెట్టేవారికి చూపవలసిన వస్తువులు తక్కువ. కాబట్టి వాకిటి మీది గుర్తు భారం ఎక్కువ. లోపల చూపలేనిదానిని అది తలపునకు తేవలసి ఉంటుంది.

ఇక గుర్తును నిర్ణయించే సభ సంగతి చూద్దాము. ఇటువంటి పనికి ఊరి పెద్దలు కూర్చున్నారంటే ప్రతి ఒక్కరికీ ఒక అభిమాన విషయం ఉండనే ఉంటుంది. చెన్నకేశవస్వామి గాలిగోపురం ఉండాలని ఒకరంటారు. గుండ్లకమ్మకు కట్టిన కంభం చెరువు లేకపోతే ఎట్లా అని మరొకరంటారు. నల్లమల కొండలు, వెనుక ఉదయించే సూర్యుడు, ముందు ఎద్దుల జత, క్రింద తెరిచిన పుస్తకం - అన్నీ చేరుతాయి. ప్రతి మాటలోను న్యాయం ఉన్నది. అన్నీ ఒకే వలయంలో ఇరికించిన తరువాత మాత్రం అది గుర్తు కాదు. తిరునాళ్ళ పటం అవుతుంది. తిరునాళ్ళ పటాన్ని గంటసేపు చూచి ఆనందించవచ్చును. గుర్తును చూచే అవకాశం మనకు ఒక్క క్షణమే, బస్సులోనుంచి చూచినంతసేపు.

గుర్తును కూర్చడంలో చేర్చడంకంటె తీసివేయడమే పెద్ద పని. ఒక్కొక్క వస్తువును తీసి చూడాలి. తీసినప్పటికీ అర్థం నిలిచితే ఆ వస్తువు అక్కడ అవసరం లేదు. దేనిని తీస్తే అర్థం కూలిపోతుందో అదే అసలు గుర్తు.

ఈ సీమకు ఎద్దు సరిపోదా అని మీరు అడగవచ్చును. సమంజసమైన ప్రశ్న. ఒంగోలు జాతి పశువు కీర్తి సముద్రాలు దాటినది; బ్రెజిలు దేశంలో ఆ సంతతిని నెలోర్ అన్న పేర ఈనాటికీ పెంచుతున్నారు. సంక్రాంతికి, శివరాత్రికి, తిరునాళ్ళకు మన పల్లెలలో బండలాగుడు పోటీలు జరుగుతాయి. పళ్ళనుబట్టి ఎద్దుల వయసు లెక్కగట్టి తరగతులు ఏర్పరుస్తారు. నిర్ణీత కాలంలో జత ఎన్ని అడుగుల దూరం బండను లాగినదో కొలిచి గెలుపు నిర్ణయిస్తారు. 2002లో ఆంధ్రప్రదేశ్‌లో జాతీయ క్రీడలు జరిగినప్పుడు క్రీడల బొమ్మగా నిలిచింది ఒంగోలు ఎద్దే. దానికి "వీర" అని పేరు పెట్టినారు. ఆటల సందర్భంలో మన ప్రాంతపు రూపం ఒకటి దేశమంతటికీ పరిచయమైన ఘట్టమది.

అయితే ఉత్సవానికి పెట్టే బొమ్మ వేరు, సంస్థకు పెట్టే గుర్తు వేరు. 1982 ఢిల్లీ ఆసియా క్రీడలనాటి "అప్పు" అనే ఏనుగుపిల్ల మనలో చాలమందికి జ్ఞాపకమే. అటువంటి బొమ్మ నవ్వుతుంది, పరుగెత్తుతుంది, పిల్లలతో కరచాలనం చేస్తుంది. పండుగ ముగిసిన తరువాత సెలవు తీసుకొంటుంది. సంస్థ గుర్తు అట్లా కాదు. రబ్బరు ముద్రలో, రసీదులో, సంతాప సందేశం మీద కూడ అది ఉండవలసిందే. ఎల్లవేళలా నవ్వే బొమ్మ అక్కడ నప్పదు.

ఎద్దు విషయంలో మరొక చిక్కున్నది. బండలాగుడు చిత్రం వేయబోతే చెర్నాకోల వేయాలా వద్దా? పశువులతో ఆడే ఆటలను గూర్చి మన దేశంలో పెద్ద వివాదమే నడిచింది. 2014లో సుప్రీంకోర్టు జల్లికట్టును, ఎడ్లబండ్ల పందాలను నిషేధించింది. తరువాత తమిళనాడు, మహారాష్ట్ర, కర్ణాటక రాష్ట్రాలు చేసుకొన్న చట్టాలను 2023లో అదే న్యాయస్థానం సమర్థించింది. ఎద్దును కన్నబిడ్డవలె సాకే రైతు ప్రేమ నిజమే. మూగజీవి పడే బాధను గూర్చిన ఆందోళన కూడ నిజమే. ఇంత చర్చను ప్రదర్శనశాల లోపల ఒక గది కేటాయించి రెండు పక్షాలూ వినిపించవచ్చును. ఒక రూపాయి బిళ్ళంత గుర్తులో వినిపించలేము. పైగా ఎద్దును గుర్తుగా తీసుకొంటే తొక్కుడుబిళ్ళ ఆడిన బాలికకు అందులో చోటెక్కడ?

ఇక్కడ పాత గుర్తును మార్చి క్రొత్తది చేసుకొనే పద్ధతిని గూర్చి కూడ ఒక మాట చెప్పుకోవాలి. ఇందుకు మనవారి ఉదాహరణే ఉన్నది. కృష్ణా జిల్లాకు చెందిన పింగళి వెంకయ్యగారు 1916లోనే జాతీయపతాకాల నమూనాలతో ఒక చిన్న పుస్తకం ప్రకటించినారు. 1921లో బెజవాడలో కాంగ్రెసు సమావేశాలు జరిగినప్పుడు ఆయన గాంధీజీకి ఒక నమూనా సమర్పించినారు. తెల్లరంగు, రాట్నం చేరి ఆ పతాకం ప్రజల చేతులలో నిలిచినది. స్వాతంత్ర్యం సమీపించినప్పుడు, 1947 జూలై 22న రాజ్యాంగ సభ దానిని స్వీకరిస్తూ రాట్నం స్థానంలో ధర్మచక్రాన్ని ఉంచింది. దీనికి నెహ్రూగారు చెప్పిన కారణాలలో ఒకటి శుద్ధ రూపకల్పనకు సంబంధించినది. రాట్నానికి ఒక ప్రక్క చక్రం, మరొక ప్రక్క కదురు ఉంటాయి. పతాకాన్ని వెనుకనుంచి చూస్తే బొమ్మ తిరగబడుతుంది. చక్రానికి ఆ ఇబ్బంది లేదు. రాట్నంలోని చక్రాన్ని ఉంచుకొని తక్కినదానిని వదిలినారు. చూచినవారికి పాతది పోయినట్లు అనిపించలేదు, తేటపడినట్లు అనిపించింది. క్రొత్త గుర్తు తయారుచేసే ప్రతివారికీ ఇది పాఠం. ప్రజలు దేనిని ప్రేమించినారో దానిని కనిపెట్టి ఉంచాలి. అడ్డమైనదానిని మాత్రమే తీయాలి.

గుర్తు ప్రక్కన పేరు కూడ వ్రాయవలె కదా. ఇక్కడ మన లిపిని గూర్చి కొంత శ్రద్ధ అవసరం. ఇంగ్లీషు పెద్ద అక్షరాలు అన్నీ ఒకే ఎత్తున, ఒక అరుగుమీద కూర్చున్నట్లుంటాయి. తెలుగు అక్షరానికి మూడు అంతస్తులు. "క్రీడ" అన్న మాటనే తీసుకోండి. మొదటి అక్షరంలో పైన గుడిదీర్ఘం, నడుమ కకారం, క్రింద రవత్తు. ఇంగ్లీషు పేరుకు సరిపోయే పలకచట్రంలో దీనిని ఇరికిస్తే నడిమి అక్షరం చిక్కిపోతుంది. దూరమునుంచి చదవడం కష్టమవుతుంది. కాబట్టి తెలుగు పేరును ముందు వ్రాసుకొని, దానికి కావలసిన జాగా ఇచ్చి, తరువాత మిగిలిన భాషలను దాని ప్రక్కన అమర్చుకోవాలి. మన ఊళ్ళలో చాల బోర్డుల మీద ఈ క్రమం తలక్రిందులుగా ఉండడంచేతనే వత్తులు నలిగిపోతున్నవి.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు తిరిగి వద్దాము. పై ఆటలన్నిటిలోనూ ఉమ్మడిగా ఉన్నదేమి? చెడుగుడుకు నడిగీత. తొక్కుడుబిళ్ళకు గళ్ళ గీతలు. బండలాగుడుకు దూరం కొలిచే గీత. పరుగుపందెమునకు మొదటి గీత, కడపటి గీత. అడవి అంచు తండాలోను, రైలు స్టేషను ప్రక్క వీధిలోను, మగపిల్లలకూ ఆడపిల్లలకూ ఆట మొదలయ్యేది నేలమీద గీత గీయడంతోనే. గీత గీసిన క్షణాన మామూలు నేల మైదానంగా మారుతుంది. గీత ఇవతల ఒక ధర్మం, అవతల మరొక ధర్మం. 1970లో ఈ తాలూకాలు కర్నూలు జిల్లానుండి క్రొత్త జిల్లాలో చేరినవి. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పంతులుగారి పేరు పెట్టినారు. పటంమీద సరిహద్దు మారినా, పిల్లలు నేలమీద గీసిన గీత మారలేదు.

గీత ఒక్కటే ఉంటే అది ఏ గీత అయినా కావచ్చును. దానిమీద ఒక పాదం పెట్టండి. మడమ ఇవతల, వ్రేళ్ళు అవతల. అది కూతకు వెళ్ళేవాని పాదం. గడి దూకే బాలిక పాదం. ఎద్దులతోపాటు పరుగెత్తే రైతు పాదం. జంట పాదాలు వేస్తే దేవుని పాదాలని నమస్కరిస్తారు. ఒంటి పాదం, అదీ గీతను దాటుతూ ఉంటే, ఆటే గుర్తుకు వస్తుంది. బీరువాలో పెట్టలేని చలనం అందులో కొంతైనా నిలుస్తుంది. చిన్న టిక్కెట్టు మీద అచ్చువేసినప్పుడు అయిదు వ్రేళ్ళూ కలిసిపోయి మరకగా మారే ప్రమాదం లేకపోలేదు. ఆ కొలతలు సరిచేయడం నేర్పరి అయిన చిత్రకారుని పని. నేను చెప్పినదే తుది మాట అని కూడ నా అభిప్రాయం కాదు. ఇంతకంటె మంచి గుర్తు మీలో ఎవరికైనా తోచవచ్చును.

తోచినదానిని పరీక్షించే సాధనం మాత్రం మార్కాపురంలోనే ఉన్నది. కంభం పేరనే భూగర్భ శాస్త్రజ్ఞులు పిలిచే శిలాశ్రేణి ఈ ప్రాంతానిది. కోట్ల సంవత్సరాల క్రిందటి బురద ఒత్తిడికి గట్టిపడి పొరలు పొరలుగా చీలే రాయి అయింది. ఆ రాతిని చీల్చి, నునుపు చేసి, కొయ్యచట్రం బిగించి ఇక్కడివారు తరతరాల తెలుగు బిడ్డల ఒడిలో పలకగా పెట్టినారు. నోటుపుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చి ఆ గిరాకీ చాలవరకు తగ్గినది. ఆ రాయి ఇప్పుడు ఇళ్ళ గోడలకు, నేలలకు పరిచే బిళ్ళలుగా దూరదేశాలకు పోతున్నది. కాని పలకకున్న ఒక గుణం మరి దేనికీ లేదు. దానిమీద ఒకే రంగు వ్రాయగలము. సన్నని సొగసులు కుదరవు. అనవసరమైనది తడిగుడ్డతో పోతుంది.

అందుచేత పరీక్ష ఇది. గుర్తును ఏడేళ్ళ పిల్లకు ఒకసారి చూపండి. కాగితం తీసివేయండి. మరునాడు ఆ పిల్ల చేతికి పలక, బలపం ఇచ్చి గీయమనండి. తిరిగి గీయగలిగితే అది గుర్తు. గీయలేకపోతే ఎంత గొప్ప చిత్రకారుడు వేసినా, ఎన్ని రంగులు పోసినా అది బొమ్మ మాత్రమే. అయిదు వలయాల ఒలింపిక్ చిహ్నాన్ని పియేర్ ద కూబెర్తాఁ 1913లో గీసినాడు. ఒలింపిక్ క్రీడలలో అది మొదటిసారి ఎగిరినది 1920లో, ఆంట్వెర్ప్‌లో. 1993లో లోజాన్ నగరంలో ఒలింపిక్ ప్రదర్శనశాల తలుపులు తెరిచేనాటికి ఆ గుర్తుకు ఎవ్వరూ అర్థం చెప్పనక్కరలేకపోయింది. ఏ దేశపు పిల్ల అయినా దానిని గీయగలదు.

గిద్దలూరు పెద్దాయన మోకాలి మచ్చను మనం దాచలేము. ఆయన దాటిన గీతను దాచవచ్చును. ఈ ప్రసంగం ముగిసిన తరువాత మీ ఇంట్లో పలక ఉంటే దించండి. లేకుంటే వాకిట ముగ్గుపిండి అయినా చాలును. మీ ఊరి ఆటకు మీరు ఏ గుర్తు పెడతారో మీ పిల్లలతో కూర్చొని గీసి చూడండి. వారు ఏ ఆటను గీయడానికి ఇబ్బంది పడతారో ఆ ఆట మీ ఊరి నుంచి సెలవు తీసుకొంటున్నదని గ్రహించి, చెరిగిపోకముందే దానిని వారికి నేర్పండి.